గుఱ్ఱమునకు కాలికి కాలు తగులుట: కారణములు, నివారణోపాయములు

గుఱ్ఱము వెల దాని కాళ్లయందున్నది. మేత సమృద్ధిగా దొరకి, మేను నిగనిగలాడుచున్నను, కాలు చెడిన గుఱ్ఱము యజమానునకు ఒక పూట కూలియైనను తెచ్చిపెట్టజాలదు. అట్టి కాలికి రాయి తగిలియో ముల్లు గ్రుచ్చుకొనియో హాని కలుగుట మనమెల్లర మెఱుగుదుము. గుఱ్ఱపు కాలిని దాని ప్రక్కకాలే గాయపఱచుట కలదని మాత్రము కొందఱే గమనింతురు. ఈ నెల పత్రికలో ఆ సంగతిని గూర్చి వ్రాయుచున్నాము.

మన కృష్ణా డెల్టాలో సేద్యమునకు ఎడ్లే గాని గుఱ్ఱములు ఎన్నడును వాడుకలో లేవు. బందరు, గుడివాడ పట్టణములలో రైలు దిగినవారిని ఇండ్లకు చేర్చుచుండిన జట్కాలును ఆటోరిక్షాలు వచ్చిన పిమ్మట కనుమఱుగైనవి. అయినను పెండ్లి యూరేగింపులకును, ఉత్సవములకును, సవారికిని గుఱ్ఱమును ఉంచుకొనినవారు ఇప్పటికిని అక్కడక్కడ కలరు. వారిలో మన సంఘ సభ్యులును ఉన్నారు. ఒక్క గుఱ్ఱముపైననే ఆధారపడిన సంసారమునకు ఆ గుఱ్ఱపు కాలే మాగాణియని చెప్పవచ్చును.

మేము బందరులో మిషను పాఠశాలలో చదువుకొను దినములలో జట్కా ఎక్కినపుడు, డెక్కల చప్పుడు నడుమ ఇనుముపై ఇనుము తగిలినట్లు ‘టక్కు టక్కు’మను ధ్వని వినబడుచుండెడిది. అది మాకు తాళము వేసినట్లు ఇంపుగా నుండెడిది. జట్కావాడును దానిని లక్ష్యపెట్టెడివాడు కాడు. అది వెనుకకాలి లాడము ముందుకాలి లాడమునకు తగులు చప్పుడనియు, గుఱ్ఱము అలసినదనియో దాని డెక్కలు పెరిగినవనియో తెలుపు హెచ్చరిక యనియు మాకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

ఒక సభ్యుని గుఱ్ఱము

మోపిదేవి సమీప గ్రామమున నొక సభ్యుడు అప్పు చేసి గుఱ్ఱమును కొని, పెండ్లిండ్లకు బాడుగకిచ్చుచుండెను. కొన్ని నెలలకు దాని ఎడమ ముందుకాలి లోపలివైపున, డెక్కపైనున్న కీలు దగ్గర చర్మము లేచి నెత్తురు కారెను. ఆయన పసుపును సున్నమును కలిపి పట్టించెను. నాలుగు దినములు పనిమాన్పించగా పుండు ఎండెను. మరల ఊరేగింపునకు తీసికొనిపోగానే అదే చోట గాయమయ్యెను. ఇట్లు మూడు మారులు జరిగెను. గుఱ్ఱమునకు దిష్టి తగిలినదని ఒకరును, దాని మెడపై చెడ్డ సుడి యున్నదని మఱియొకరును చెప్పిరి. వచ్చిన వెలకు అమ్మివేయుటకు ఆయన సిద్ధపడెను.

మేమును మొదటిసారి చూచినప్పుడు పుండునే చూచి, దానిని శుభ్రముగా కడుగుమని మాత్రమే చెప్పి వచ్చితిమి. అది మా పొరపాటు. రెండవసారి పోయినపుడు గుఱ్ఱమును నడిపించి చూచి, గాయము లేని కుడికాలిని ఎత్తి పరీక్షించితిమి. ఆ కాలి లాడము డెక్క కొలతకంటె పెద్దది. దాని లోపలి అంచు డెక్కను దాటి బియ్యపు గింజంత వెలికి వచ్చియుండెను. మడిచిన మేకుల కొనలు రెండు పైకి లేచియుండెను. గుఱ్ఱము అడుగు వేసినపుడెల్ల ఆ అంచును ఆ మేకులును ఎడమకాలిని గీయుచుండెను. లాడమును తీయించి, డెక్కను సరిచేయించి, కొలతకు తగిన లాడమును కొట్టించిన తరువాత పుండు మానెను, మరల రాలేదు.

గాయము ఎడమకాలికి, తప్పు కుడికాలి లాడమునకు. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటలో నున్నది. తగిలిన కాలికి మందు వేయుటతో పని ముగియదు, తగిలించిన కాలిని వెదకి సరిచేయవలెను.

కాలికి కాలు తగులు విధములు

ఈ దెబ్బలు ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది ఒరపిడి. ముందుకాళ్లు గాని వెనుకకాళ్లు గాని జంటలో ఒకదాని డెక్క రెండవదాని లోపలివైపునకు తగులుట. గాయము సాధారణముగా డెక్కపై కీలువద్ద నుండును. మొదట వెండ్రుకలు రాలును, పిదప చర్మము మందమగును, తుదకు పుండు పడును. పైన చెప్పిన సభ్యుని గుఱ్ఱమునకు కలిగినది ఇదియే.

రెండవది వెనుకకాలు ముందుకాలిని తన్నుట. ముందుకాలు నేలను వీడకమునుపే వెనుకకాలు వచ్చి, తన డెక్కమొనతో ముందుకాలి మడమమీది మెత్తని కండను కొట్టును. అచ్చట చర్మము మూతవలె లేచి వ్రేలాడుచుండును. దెబ్బ ఇంకను పైకి తగిలినచో, కాలి వెనుకభాగమున త్రాడువలె దిగియుండు స్నాయువునకు తగులును. దీనిని మనవారు నరమందురు. ఇది తెగినయెడల గుఱ్ఱము పనికి రాకుండ పోవచ్చును.

మూడవది మేము చిన్ననాట విన్న ‘టక్కు టక్కు’. వెనుకకాలి డెక్కమొన ముందుకాలి లాడము అడుగునకు తగులుటచే ఇది కలుగును. దీనివలన గాయము పడదు గాని, ఇది రెండవదానికి తమ్ముని వంటిది. చప్పుడు వినబడినపుడే మేలుకొనవలెను.

నాలుగవది త్రొక్కిడి. ఇరుకుచోట మలుపు తిప్పునపుడో, జారుడు నేలపై తడబడినపుడో, లారీలో నెక్కించి తీసికొనిపోవునపుడో, ఒక డెక్క మఱియొక డెక్కయంచును త్రొక్కుట. డెక్కయు చర్మమును కలియు ఆ అంచునుండియే క్రొత్త డెక్క పెరుగుచుండును గనుక, అచ్చట తగిలిన లోతైన గాయము మానినను డెక్కలో చీలికయో వంకరయో మిగులవచ్చును.

ఇవికాక, అతివేగముగా పరుగెత్తు గుఱ్ఱములకు మోకాలి దిగువను లోపలివైపున దెబ్బ తగులుట కలదు. ఇది పందెపు గుఱ్ఱములలో ఎక్కువ.

ఏ కాలు తగులుచున్నదో కనుగొను విధము

దీనికి ఖర్చు లేని యుపాయ మొకటి కలదు. అనుమానమున్న డెక్క లోపలి అంచునకును లాడమునకును తడిపిన సుద్దను దట్టముగా పూయవలెను. గుఱ్ఱమును గట్టినేలపై తిన్నగా ముప్పది నలువది గజములు నడిపించి, పిదప పరుగునడకన తీసికొనిపోవలెను. ఒకరు ముందునుండియు నొకరు వెనుకనుండియు కాళ్లనే చూచుచుండవలెను. నిలిపిన తరువాత ఎదుటి కాలిపై సుద్ద మరక ఎచ్చట పడినదో చూచినచో, ఏ డెక్కలో ఏ భాగము తగులుచున్నదో తెలియును. సుద్దకు బదులు తడిసున్నమును పూయరాదు. అది పుండుపై పడినచో చర్మమును కాల్చును.

గుఱ్ఱము అలసియున్నప్పుడు మరల నొకసారి ఇట్లు పరీక్షించుట మంచిది. ఉదయమున చక్కగా నడచు గుఱ్ఱమే సాయంకాలమునకు కాళ్లు తగిలించుకొనుచుండవచ్చును.

కారణములు

పుట్టుకతో వచ్చునవి కొన్ని. ముందుకాళ్ల డెక్కమొనలు వెలికి తిరిగియున్న గుఱ్ఱము కాలెత్తినపుడు డెక్క లోపలికి వంపుగా తిరిగి ఎదుటి కాలిని ఒరయును. ఱొమ్ము ఇఱుకై కాళ్లు దగ్గర దగ్గరగా నున్నదానికిని ఈ బాధ కలదు. వీపు పొట్టిదై కాళ్లు పొడవైన గుఱ్ఱమునకు వెనుకకాలు ముందుకాలిని అందుకొనును. గుఱ్ఱమును కొనువారు సుడులను లెక్కించుటకు ముందు దానిని ఎదుటనుండి నడిపించి చూచుట మేలు.

మనుష్యుడు చేసినవి కొన్ని. గుఱ్ఱపు డెక్క నెలకు సుమారు 6 మొదలు 10 మిల్లీమీటర్ల వఱకు, అనగా పావు అంగుళమునకు కొంచెము పైగా పెరుగును. లాడము కొట్టిన డెక్క నేలకు అరుగదు గనుక పెరిగినదంతయు అట్లే నిలుచును. మొన పొడవైన కొలది ముందుకాలు నేలను వీడుట ఆలస్యమగును. ఆ లోపల వెనుకకాలు వచ్చి తన్నును. లాడము పెద్దదై వెలికి వచ్చినను, మేకుల కొనలు లేచినను, ముందుకాలి లాడపు తోకలు మడమను దాటి వెనుకకు వచ్చినను హానియే. ఆ తోకలపై వెనుకకాలు పడినచో లాడము ఊడిపోవుటయు, గుఱ్ఱము ముందుకు పడుటయు కలదు.

అలసట, ఆకలి, లేతవయస్సు మఱికొన్ని. పని నేర్వని పిల్లగుఱ్ఱమునకు కాళ్లపై పట్టు చాలదు. బక్కచిక్కిన గుఱ్ఱము కాలు తిన్నగా ఎత్తలేదు. బండికి కట్టిన తోలుపట్టీలు ఒకవైపు బిగిసియున్నచో గుఱ్ఱము ఓరగా నడచి కాళ్లు తగిలించుకొనును. ఇన్నాళ్లు చక్కగా నడచిన గుఱ్ఱము హఠాత్తుగా కాళ్లు తగిలించుకొన నారంభించినచో, మఱియొకచోట నొప్పి యున్నదేమో వెదకింపవలెను.

నేలయు నొక కారణము. మన దివిసీమ రేగడి వానలలో ఎంత పట్టు పట్టునో నాట్లు వేసిన కాళ్లన్నిటికి తెలియును. అట్టి బురదలో దిగిన ముందుకాలిని రేగడి విడువదు, వెనుకకాలు మాత్రము సమయమునకే వచ్చును. సముద్రతీరపు లోతు ఇసుకలోను ఇట్లే జరుగును. కావున పొలములోని బురదదారిని, వదులు ఇసుకలోను గుఱ్ఱమును పరుగెత్తింపరాదు. నడిపింపవలెను.

గాయమైనపుడు చేయవలసినది, చేయరానిది

వెంటనే పని ఆపవలెను. నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డను మడిచి గట్టిగా అదిమిపట్టవలెను. ఆగిన తరువాత గాయము చుట్టు వెండ్రుకలను కత్తిరించి, కాచి చల్లార్చిన ఉప్పునీటితో ధారాళముగా కడుగవలెను. లీటరు నీటికి 9 గ్రాములు, అనగా సుమారు ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు చాలును. పిదప మందుల దుకాణమున దొరకు పోవిడోను అయోడినును పలుచని తేనీటి రంగు వచ్చునట్లు నీటిలో కలిపి ఆ నీటితో తడుపవలెను. పైన శుభ్రమైన గుడ్డను, దూదిని వేసి, బిగువు లేకుండ కట్టుకట్టి, దినమున కొకసారి మార్చవలెను. ఈగలు వ్రాలనీయరాదు.

సున్నము, బూడిద, పేడ, లద్దె, కిరసనాయిలు, పొగాకు కషాయము ఇవేవియు గాయముపై వేయరాదు. వ్రేలాడు చర్మమును ఇంటికత్తితో కోయరాదు. ఆ పని పశువైద్యునిది.

గాయము చిన్నదైనను ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినను ఆ దినమే పశువైద్యుని పిలువవలెను: గుఱ్ఱము ఆ కాలిపై బరువు మోపకుండుట, కీలు దగ్గరి గాయమునుండి పసుపుపచ్చని జిగట నీరు కారుట, కాలి వెనుక స్నాయువు వాచుట, గాయమునుండి దుర్వాసన వచ్చుట. కీలులోనికి చీము చేరినచో గంటలు గడిచిన కొలది గుఱ్ఱము చేజాఱిపోవును. మన జిల్లాలో గన్నవరమున పశువైద్య కళాశాలయు కలదు.

ధనుర్వాతము

అన్నిటికంటె భయపడవలసినది ధనుర్వాతమునకు. ఆ వ్యాధి బీజములు మట్టిలోను, గుఱ్ఱపు లద్దెలోను ఉండును. గాయములో చేరి, గాలి తగులని చోట పెరిగి విషమును పుట్టించును. పెంపుడు జంతువులలో గుఱ్ఱమువలె ఈ విషమునకు సులభముగా లొంగునది మఱియొకటి లేదు. గాయమైన దినమున ఏమియు తెలియదు. సాధారణముగా ఒకటి మొదలు మూడు వారముల లోపల గుఱ్ఱము కఱ్ఱవలె బిగిసి నిలుచును, చెవులు నిక్కబొడుచును, తోక పైకి లేచును, కంటి మూలనుండి లోపలి తెల్లని పొర అడ్డముగా వచ్చును, దవడలు పట్టుకొని మేత మ్రింగలేదు. ఈ స్థితికి వచ్చిన తరువాత బ్రదుకునవి తక్కువ. అప్పటికి కాలి గాయము మానిపోయి, యజమాని దానిని మఱచియే యుండును.

దీనికి టీకా కలదు. మొదట కొన్ని వారముల ఎడముతో రెండు మోతాదులు వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన కాలమునకు మరల వేయించుచుండిన చాలును. టీకా లేని గుఱ్ఱమునకు గాయమైనచో అప్పటికప్పుడు విషవిరుగుడు సూది వేయింపవలెను. లద్దె ఎత్తువారును, లాడములు కొట్టువారును తమకును ఈ టీకా వేయించుకొనుట విధి. ఈ వ్యాధి మనుష్యులకును వచ్చును.

మరల తగులకుండ చేయు మార్గములు

నాలుగు మొదలు ఆఱు వారముల కొకసారి లాడములను విప్పించి డెక్కలను చెక్కించి మరల కొట్టింపవలెను. లాడము అరుగలేదు గదా యని మూడు నెలలు ఊరకుండుట డబ్బు మిగుల్చుట కాదు. ఒరపిడి గల గుఱ్ఱమునకు లోపలి అంచు డెక్కను దాటని లాడము వేయించి, ఆ అంచును ఆకురాయితో గుండ్రముగా రుద్దించి, మేకుల కొనలను చదునుగా అణచింపవలెను. వెనుకకాలితో తన్నుకొను దానికి ముందుకాళ్ల మొనలను పొట్టిచేసి, లాడపు మొనను గుండ్రము చేయింపవలెను. అందువలన ముందుకాలు త్వరగా నేలను వీడును. వెనుకకాలి లాడమును మొననుండి కొంచెము వెనుకకు జరిపి కొట్టింపవలెను.

అయితే వంకరకాలిని తిన్నగా చేయుదమని డెక్కను ఒకప్రక్క లోతుగా చెక్కించుట ప్రమాదము. ఎదిగిన గుఱ్ఱపు ఎముకలు మన కత్తికి వంగవు. కీళ్లు మాత్రము చెడును. పుట్టువంకర యున్న పిల్లను మొదటి నెలలలోనే పశువైద్యునకు చూపవలెను. ఎదిగినదానికి కీళ్లపై తోలు తొడుగులో, మెత్తని ఉన్నికట్లో కట్టుటయే ఉపాయము. వెనుకకాలి దెబ్బలకు మడమను కప్పు గంటవంటి రబ్బరు తొడుగులు దొరకును. పని ముగియగానే వీనిని విప్పి, లోపల చేరిన బురదను ఇసుకను కడుగవలెను. లేనిచో తొడుగే పుండు చేయును.

తొడుగులకంటె చౌకయైన ఔషధము విశ్రాంతి. 1965లో భారత ప్రభుత్వము చేసిన నిబంధనల ననుసరించి బండిలాగు, బరువుమోయు జంతువులను దినమునకు మొత్తము 9 గంటలకు మించియు, విశ్రాంతి లేకుండ ఎడతెగక 5 గంటలకు మించియు పనిచేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటుచోట్ల మధ్యాహ్నము 12 మొదలు 3 గంటలవఱకు పనికి కట్టరాదు. గాయముచే పనికి తగని జంతువుచే పనిచేయించుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము. చట్టము మాట యటుండనిండు. కుంటుచున్న గుఱ్ఱమును ఒక పెండ్లికి నిలిపి, పది పెండ్లిండ్లను పోగొట్టుకొనుట వ్యాపారము కాదు.

సంఘము చేయదగిన పని

లాడములు కొట్టువారు ఇప్పుడు అరుదైరి. ఒక్క గుఱ్ఱము కొఱకు దూరమునుండి రావలెననిన వారికి గిట్టదు. ఆలస్యమునకు అసలు కారణము చాల చోట్ల ఇదియే. కావున మోపిదేవి, చల్లపల్లి, అవనిగడ్డ ప్రాంతములలో గుఱ్ఱములు గల సభ్యులును, ఎడ్లకు లాడములు కొట్టించువారును ఒక జాబితాగా చేరి, అయిదు వారముల కొక దినమును నిర్ణయించి, పనివానిని ఒకచోటికి పిలిపించి, దారిఖర్చును పంచుకొనుట మంచిది. ఎద్దు డెక్క రెండు చీలికలు గనుక దాని లాడము వేఱు, కొట్టు విధము వేఱు. కావున రెండు పనులు తెలిసినవానినే పిలువవలెను. అదే దినమున పశువైద్యుని రప్పించి టీకాలు వేయించినచో రెండు పనులును నెఱవేరును.

పైన చెప్పిన సభ్యుడు గుఱ్ఱమును అమ్మలేదు. ఇప్పుడు ఆయన ఊరేగింపునకు బయలుదేరుటకు మునుపు నాలుగు కాళ్లను ఎత్తి, లాడపు అంచులను వ్రేలితో తడవి చూచుకొనుచున్నాడు. ఆ పనికి అయిదు నిమిషములు పట్టును. తక్కిన సభ్యులును ఈ యలవాటు చేసికొందురని నమ్ముచున్నాము.